పలకల తలుపుల కిరాణా కొట్లు పోతున్నాయి, ఎవరైనా కొలతలు తీసిపెట్టారా?

పాతబజారు
మా ఊళ్ళో (కృష్ణా జిల్లా, ఊరి పేరు వద్దులెండి) బజారు రోడ్డు వెడల్పు చేస్తామని ఎర్ర రంగుతో గీతలు కొట్టి వెళ్ళారు. మూలమీద కిరాణా కొట్టుకి ఆ గీత సరిగ్గా గల్లాపెట్టె మీదుగా పోయింది. అంటే అరుగు, చూరు, పలకల తలుపు, ముందు గదిలో సగం ఎగిరిపోతాయి. మిగిలింది కూడా పడగొట్టి మూడంతస్తులు లేపుతారట. కింద మొబైల్ షాపుకి అప్పుడే అడ్వాన్సు పుచ్చుకున్నారని విన్నాను.

కొట్టు నెత్తిన సున్నంతో తీర్చిన అంకెల్లో 1953 అని ఉంది. దానికి అటూ ఇటూ రెండు ఏనుగులు, మధ్యలో లక్ష్మీదేవి. కింద పొడుగ్గా పద్నాలుగు టేకు పలకలు. ఒక్కో పలక మీద తారుతో ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు. పొద్దున్నే అవి ఒకదాని తర్వాత ఒకటి ఊడదీసి గోడకి చేరేసే చప్పుడుతో మా వీధికి తెల్లవారేది.

గుళ్ళకి, కోటలకి, జమీందార్ల మేడలకి పుస్తకాలున్నాయి, ఫొటోలున్నాయి. మూడు తరాలు చింతపండూ కిరసనాయిలూ తెచ్చుకున్న కొట్టుకి ఒక్క ప్లాను కాగితం కూడా లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఇలాంటి కొట్ల ఫొటోలు, కొలతలు ఉన్నాయా? పడగొట్టేలోపు ఏమేం రాసిపెట్టుకోవాలి?

గోదారిగట్టు
రాజమండ్రి మెయిన్ రోడ్డు సందుల్లో ఇంకా రెండు మూడు ఉన్నాయండి. పలకలు మాత్రం తీసేశారు. షట్టర్లు పెట్టేసి, పైన బంగళా పెంకులు అలాగే ఉంచారు. వెనకాల ఇల్లు, ముందర కొట్టు, మధ్యలో ఒక చీకటి గది. ఆ చీకటి గదిలోకి వెళ్తే బెల్లం, పసుపు, గోనెసంచుల వాసన కలగలిసి వచ్చేదండి. ఇప్పుడు ఆ వాసన ఏ సూపర్ మార్కెట్లోనూ రాదు, అన్నీ ప్యాకెట్లే కదా.

ఓరుగల్లు_బిడ్డ
మా దిక్కు గూడ గిదే కథ. వరంగల్ మట్టెవాడల మా నాయినమ్మోళ్ళ ఇంటి పక్కన కిరాణం దుకాణం ఉండె. ఎత్తు గద్దె, దాని మీద తెల్లటి పరుపు, గల్ల ముంగట సేటు కూసునేటోడు. తాడు ఉండ దూలానికి ఏలాడేది. దాని కొస పట్టి గుంజి పొట్లం కట్టుడు, పుటుక్కున తెంపుడు. కత్తెర లేదు ఏం లేదు. చిన్నప్పుడు ఆ తాడును చూసుడే మాకు సినిమా.

అనంత_అంగడి
మా పక్క పెంకులు యాడుంటాయి సామీ. రాయలసీమలో అంగడంటే నాపబండలు, మట్టి మిద్దె. కింద బండే, అరుగు బండే, కొన్నిచోట్ల పైకప్పు కూడా బండే. దూలాలు పరిచి, వాటిమీద బండలు పేర్చి, పైన చౌడు మట్టి మెత్తేవాళ్ళు. చౌడైతే వాన నీళ్ళు దిగవు. మే నెల ఎండలో కూడా లోపల చల్లగుండేది. అందుకే మధ్యాన్నం పూట సరుకు కొనేవాళ్ళకన్నా ఊరికే కూర్చునేవాళ్ళే ఎక్కువ. 1953 అంటే మా తాలూకాలో కరువు మాటలు చెప్పుకునే కాలం. అప్పుడు మీ ఊళ్ళో ఏనుగులు తీర్చినారంటే పంటలు బాగా పండినట్టుంది!

పాతబజారు
అనంత_అంగడి గారూ, కాలవ నీళ్ళున్న ఊరు మరి. ధాన్యం అమ్మిన డబ్బులన్నీ ఆ బజార్లోకే వచ్చేవి.

సున్నంగానుగ
నేను సివిల్ ఇంజనీర్ని, పాత కట్టడాల మరమ్మతు పని చేస్తాను. పాతబజారు గారి ప్రశ్నకి కొంచెం వివరంగా చెప్తాను.

1950ల్లో మన పట్నాల్లో కట్టిన కొట్లకి ఒక ప్రత్యేకత ఉంది. అవి పూర్తిగా పాత పద్ధతివీ కావు, పూర్తిగా కొత్తవీ కావు. అప్పట్లో సిమెంటు కంట్రోలు సరుకు. పర్మిటు ఉంటేగాని దొరికేది కాదు. 1982లో కొంత సడలించారు, 1989లో గాని పూర్తిగా ఎత్తెయ్యలేదు. అందుకని చిన్న వ్యాపారి గోడలన్నీ గానుగ సున్నంతో కట్టించుకుని, దొరికిన నాలుగు బస్తాల సిమెంటూ వీధివైపు ఖర్చుపెట్టేవాడు. ఒక సన్ షేడు, దాని అంచుకి మూడు గీతలు, మూల గుండ్రంగా తిప్పడం, నెత్తిన సంవత్సరం. బొంబాయిలోనూ మద్రాసులోనూ సినిమా హాళ్ళకి చూసిన ఫ్యాషన్ మన తాపీమేస్త్రీల చేతుల్లో అలా దిగింది. వెనక్కి వెళ్తే అదే కొట్టుకి టేకు దంతెలు, వాటిమీద నిలువు ఇటుక, సున్నపు కాంక్రీటు, అంటే మద్రాసు టెర్రసు. ముందు కొత్త కాలం, వెనక పాత కాలం, ఒకే గోడలో.

ఏం కొలవాలంటే: ముందుగా వీధి అంచు నుంచి వెనక పెరడుదాకా నిలువుగా కోసినట్టు ఒక బొమ్మ గీయండి. కాలవ, కాలవ మీద బండ, మెట్టు, అరుగు, గడప, గద్దె, వెనక గది, ఒక్కొక్కటీ నేలనుంచి ఎంత ఎత్తో రాయండి. ఈ కొట్ల ప్రాణమంతా ఆ ఎత్తుల్లోనే ఉంది. గద్దె మీద కూర్చున్న మనిషి కళ్ళూ, రోడ్డు మీద నిలబడ్డ మనిషి కళ్ళూ దాదాపు ఒకే ఎత్తుకి వస్తాయి. మధ్యలో అద్దం లేదు, తలుపు లేదు. వీధిలో పోయేవాణ్ణి పేరు పెట్టి పిలవగలిగే కట్టుబడి అది.

లెక్కలమాస్టారు
1953 అంటే వీశెలు, అణాల కాలం. ఆ కొట్టు కట్టిన నాలుగేళ్ళకి, 1957 ఏప్రిల్ 1న, నయాపైసలు వచ్చాయి. తూనికల చట్టం 1956లోనే చేసినా కిలోలు 1958 అక్టోబరు నుంచి విడతలవారీగా అమలైనాయి. అంటే ఆ గల్లా ముందు ఒక తరం వాళ్ళు లెక్కంతా కొత్తగా నేర్చుకున్నారు. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో కిలో నాలుగు వందల గ్రాములు. బేరమంతా వీశెలో ఆడి, తూకం కిలోలో వేసి, తేడా నోటితో సరిచేసేవారు మా నాన్నగారి కాలపు శెట్టిగారు. కాగితం ముట్టుకునేవారు కారు.

లోపల వెతకండి, పాత పడికట్టు రాళ్ళు, సోల, తవ్వ, మానిక ఎక్కడో అటక మీద ఉంటాయి. తుక్కు కింద అమ్మెయ్యకుండా అడిగి తీసుకోండి.

చిక్కడపల్లి_9
హైదరాబాదులో మాస్టారి లెక్క ఇంకో మెలిక తిరుగుతుంది. నిజాం హాలీ సిక్కా వేరు, కల్దార్, అంటే ఇంగ్లీషువాళ్ళ రూపాయి, వేరు. ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దార్. పోలీసు యాక్షన్ తర్వాత కూడా కొన్నేళ్ళు రెండూ చెల్లాయి. మా తాతయ్య మల్గీలో (ఇక్కడ కొట్టుని మల్గీ అంటారు) రెండు గల్లాలు ఉండేవట.

ఇక్కడ మల్గీలకి చెక్క పలకలూ ఉండేవి, మడత తలుపులూ ఉండేవి. కింద వరసగా మల్గీలు, పైన బాల్కనీ ఉన్న ఇళ్ళు, ఆ బాల్కనీకి గుండ్రటి మూల. సుల్తాన్ బజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపు తల ఎత్తి నడిస్తే ఇప్పటికీ కొన్ని కనిపిస్తాయి. కింద చూస్తే ఏమీ కనపడదు, అన్నీ ఫ్లెక్సీలే.

టీ_కప్పు
మల్గీల మాటొస్తే ఇరానీ హోటళ్ళు...

చిక్కడపల్లి_9
ఇరానీ హోటళ్ళకి వేరే చర్చ మొదలుపెట్టు తమ్ముడూ, ఇక్కడ మొదలైతే రేపటిదాకా ఉస్మానియా బిస్కెట్ల దగ్గరే ఉంటాం.

కొట్టుమనవరాలు
మాది కిరాణా కొట్టు కుటుంబం. తాతయ్య, నాన్న ఇద్దరూ ఆ గద్దె మీదే కూర్చున్నారు. పదేళ్ళ కిందట మూసేశాం. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి గాని, లోపలి మాట కూడా ఒకటి చెప్పాలి.

ముందు కొట్టు, వెనక ఇల్లు అని అందంగా చెప్పుకుంటున్నాం. వెనక ఉన్నది ఆడవాళ్ళు. మా నాయనమ్మ, అమ్మ, పిన్ని. కొట్టుకి తలుపు మూసే వేళంటూ లేదు గనక ఇంటికీ లేదు. పప్పులు చెరగడం, చింతపండు గింజ తీయడం, మిరపకాయలు తొడిమలు తీయడం, కారం పొట్లాలు కట్టడం అంతా ఆ చీకటి గదిలోనే. గాలి రాదు. ఒకటే కిటికీ, అది పెరట్లోకి. మిరపకాయల రోజుల్లో పిన్ని దగ్గు రాత్రంతా వినిపించేది. కొట్టు పేరు మాత్రం తాతయ్యది, తర్వాత "అండ్ సన్స్".

కొట్టు అమ్మేటప్పుడు ఎక్కువ సంబరపడింది అమ్మే. అపార్టుమెంటులో తలుపేసుకుని మధ్యాన్నం పడుకోవడం ఆవిడకి అదే మొదలు. ఆ ప్లాను గీసేటప్పుడు వెనక గదిని "గోడౌను" అని మాత్రం రాయకండి.

గోదారిగట్టు
అమ్మా, నేను ఆ చీకటి గది వాసన గురించే రాశాను, అందులో కూర్చున్నవాళ్ళని మీరు చూపించారు.

వాడచివర
అందరూ అరుగు అరుగు అంటున్నారు. ఆ అరుగు మా వాళ్ళు ఎక్కలేదు.

మా అమ్మమ్మ చెప్పేది. కాలవకి ఇవతలే నిలబడాలి. కొంగు పడితే పైనుంచి నూకలు పోసేవారు. డబ్బులు అరుగు అంచున పెడితే నీళ్ళు చల్లి తీసుకునేవారు. నూనెకి సీసా కింద పెట్టి దూరం జరగాలి. రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాల్లోకి ఎవరినీ రానివ్వకుండా ఆపకూడదని పేరుపెట్టి రాశారు. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది. అంటే మీరు మురిసిపోతున్న ఆ 1953 కొట్టు కట్టేనాటికే రాజ్యాంగం వచ్చి మూడేళ్ళు. అరుగు మాత్రం అంత ఎత్తునే కట్టారు.

సున్నంగానుగ గారు గద్దె మీద మనిషి కళ్ళూ రోడ్డు మీద మనిషి కళ్ళూ ఒకే ఎత్తు అన్నారు. మా అమ్మమ్మ నిలబడ్డది రోడ్డు మీద కాదు, కాలవ పక్క పల్లంలో. ఆవిడ తలెత్తే చూసింది.

మా పేటలో మొదటి సూపర్ మార్కెట్ పెట్టిన రోజున మా అమ్మ బుట్ట పట్టుకుని లోపలికెళ్ళి, తన చేత్తో పప్పు ప్యాకెట్ తీసుకుని చూసుకుంది. ఆ మాట ఇప్పటికీ చెప్తుంది. నాకు ఆ షట్టరు కొట్టే అందంగా కనిపిస్తుంది.

ఓరుగల్లు_బిడ్డ
అన్నా, నువ్వు జెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మా ఊర్ల గూడ గట్లనే ఉండె.

నిమ్మతొన
అది కులం సమస్య, కట్టడం సమస్య కాదుగా? అరుగు ఎత్తు వరద నీళ్ళు, కాలవ నీళ్ళు రాకుండా పెట్టుకున్నది. సరుకు తడిస్తే ఎవరికి నష్టం?

వాడచివర
నీళ్ళ కోసమే కట్టి ఉండొచ్చు. మనుషుల్ని ఆపడానికి కూడా వాడారు. రెండూ రాయండి, ఒకటే రాస్తే అబద్ధమవుతుంది.

సున్నంగానుగ
వాడచివర గారి మాట సరైనది. నేను చెప్పిన నిలువు బొమ్మలో కాలవ ఇవతలి పల్లం కూడా రావాలి. ఎవరు ఎక్కడ నిలబడేవారో ఊళ్ళో పెద్దవాళ్ళని, అన్ని పేటలవాళ్ళనీ అడిగి, ఆ బొమ్మ మీదే రాయాలి. నేను పనిచేసిన చోట్ల ఎవరూ ఇలా రాయించలేదు. కొట్టువాళ్ళ మాటతోనే సరిపెట్టారు.

డాలస్_తెలుగు
ఇక్కడ మేముండే డాలస్ ఊళ్ళోనే 7-ఎలెవన్ అనే కొట్ల సంస్థ పుట్టింది. 1927లో ఐసు అమ్మే అరుగు అది, సౌత్‌లాండ్ ఐస్ కంపెనీది. ఐసు గడ్డల కోసం వచ్చేవాళ్ళకి పాలు, రొట్టె, గుడ్లు కూడా పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. పొద్దున 7 నుంచి రాత్రి 11 దాకా తెరుస్తారని 1946లో ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ఇక్కడా యాభైల నాటి చిన్న కొట్లు వెతుక్కోవాల్సిందే. పెట్రోలు బంకులో కలిసిపోయినవి కొన్ని, పడగొట్టినవి కొన్ని. కాకపోతే ఇక్కడ పాత కొట్ల ఫొటోలు లైబ్రరీల్లో దాచారు. ఆ తేడా చూస్తే పాతబజారు గారి బాధ అర్థమవుతుంది.

బెజవాడ_వన్‌టౌన్
ఎంత ఏడ్చినా లాభం లేదు. మా నాన్న కొట్టు రోడ్డు వెడల్పులో పోయింది. చేతిలో టీడీఆర్ బాండు పెట్టారు, అంటే పోయిన స్థలానికి డబ్బు బదులు ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు కాగితం, కావాలంటే అమ్ముకోవచ్చు. ఆ కాగితం ఎవరికి అమ్మాలో తెలియక చాలాకాలం బీరువాలో పడుంది. కొట్టు పోవడానికి సూపర్ మార్కెట్లు ఒక్కటే కారణం కాదు. అన్నదమ్ముల పంపకాలు, పిల్లలు హైదరాబాదులో ఉద్యోగాలు, ఖాతా ఎగ్గొట్టిన బాకీలు, ఇప్పుడు పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే కుర్రాళ్ళు. రోడ్డు గీత చివరి దెబ్బ, అంతే.

ఇంకోటి. పడగొట్టేవాడు టేకు కోసమే వస్తాడు. పాత కలప వ్యాపారులు ముందే చూసుకుని పెట్టుకుంటారు. దూలాలు, పలకలు లారీ ఎక్కి తమిళనాడులో పాత సామాన్ల బజారున్న కారైకుడి వైపు పోతాయి, అక్కణ్ణించి ఏ రిసార్టు గోడకో. పలకలు నిలుపుకోవాలంటే ఇంటివాళ్ళతో ఇప్పుడే మాట్లాడండి, పడగొట్టే రోజున కాదు.

లెక్కలమాస్టారు
తూకంలో మోసం సంగతి ఎవరూ ఎత్తలేదు. తక్కెడ సిబ్బి కింద చింతపండు అంటించడం అన్ని ఊళ్ళకీ తెలిసిన విద్యే. అయినా పెళ్ళికి సరుకులు అప్పుపెట్టి, పంట చేతికొచ్చాక తీసుకున్నదీ ఆ కొట్టువాడే. ఒకే మనిషిలో రెండూ ఉండేవి.

కొట్టుమనవరాలు
మా తక్కెడ కింద చింతపండు ఉండేది కాదు మాస్టారూ! కొసరు మాత్రం ఉండేది. తూకం అయ్యాక ఒక గుప్పెడు పైన వేసేవాళ్ళు, పిల్లలొస్తే చేతిలో బెల్లం ముక్క పెట్టేవాళ్ళు.

పాతబజారు గారూ, ఒకటి చూడండి. గడప చెక్క మీద గాని, గల్లా పక్క బల్ల మీద గాని మేకులు దిగ్గొట్టిన నాణేలు ఉన్నాయేమో. చెల్లని కాసులు వస్తే తాతయ్య అక్కడే కొట్టేసేవారు, మళ్ళీ ఎవరి చేతికీ పోకుండా. మా గడప మీద రాణి బొమ్మవి కూడా ఉండేవి, ముఖం అరిగిపోయి.

పాతబజారు
ఇప్పుడే వెళ్ళి చూసొచ్చాను. గడప మీద లేవు, గల్లాపెట్టె ఎడమ పక్క చెక్క మీద ఉన్నాయి! అణా కాసులు రెండు, అంచులు అలల్లాగా ఉన్నవి, ఒకటి పూర్తిగా నల్లబడింది. మేకు తల చుట్టూ చెక్క చిట్లింది. చిన్నప్పట్నుంచీ ఆ గల్లా ముందు నిలబడ్డాను, ఎప్పుడూ కనపడలేదు, ఎందుకంటే అవి గల్లా వెనక కూర్చున్నవాళ్ళ వైపు ఉన్నాయి.

కొట్టాయనతో మాట్లాడాను. ఎనభై దాటినాయన. పలకలు అమ్మనన్నారు, "నువ్వు పెట్టుకుంటానంటే తీసుకెళ్ళు, ఎక్కడ పెడతావు?" అన్నారు. మా ఊరి గ్రంథాలయంలో ఒక గోడ ఖాళీగా ఉంది, అక్కడి ఆమెని అడుగుతాను. వెనక గదిలో పని చేసిన వాళ్ళ పేర్లు కూడా అడిగాను. మొదట ఆయనకి అర్థం కాలేదు. తర్వాత వాళ్ళావిడని పిలిచారు. ఆవిడ చాలా పేర్లు చెప్పింది.

వాడచివర గారూ, కాలవ ఇవతల నిలబడిన వాళ్ళ గురించి అడగడానికి మా ఊరి పేటలో ఎవరినైనా మీరు చెప్పగలరా? నేను ఒక్కణ్ణీ వెళ్తే మర్యాదకి ఏదో చెప్పి పంపిస్తారు.

వాడచివర
మీ ఊరు ఏదో నాకు విడిగా రాయండి. మా మేనత్త అత్తగారిది ఆ చుట్టుపక్కలే అనుకుంటాను. నేను కూడా వస్తాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయాలి, మధ్యలో మెత్తబరచకూడదు.

పాతబజారు
మాట ఇస్తున్నాను.

నిమ్మతొన
పలకల మీద అంకెలు ఎందుకు? అన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఏది ఎక్కడ పెట్టినా సరిపోదా?

సున్నంగానుగ
సరిపోదు. చేత్తో చిత్రిక పట్టినవి, ఏ రెండూ ఒక వెడల్పు ఉండవు. పైగా వానాకాలం ఉబ్బుతాయి, ఎండాకాలం ముడుచుకుంటాయి. ఒక్కో పలక అంచు పక్క పలక అంచుకి తగ్గట్టు అరుగుతుంది. పై గాడి లోతుగా ఉంటుంది, కింది గాడి తక్కువ లోతు. పలకని పైకెత్తి పై గాడిలోకి దూర్చి, కింద దించితే కూర్చుంటుంది. చివరి పలక మీదుగా ఇనుప పట్టీ అడ్డంగా వేసి తాళం. వరస తప్పితే ఆ చివరిది కూర్చోదు, తాళం పడదు.

గోదారిగట్టు
అందుకేనేమోనండి, మా వైపు కొట్టు మూసేటప్పుడు పిల్లల్ని ముట్టుకోనిచ్చేవారు కారు. తెరిచేటప్పుడు మాత్రం ఓ చెయ్యి వెయ్యమనేవారు.

బెజవాడ_వన్‌టౌన్
పాతబజారు గారూ, బెజవాడ నుంచి మీ ఊరు ఎంతో దూరం కాదు. ఈ ఆదివారం నేను లేజరు టేపు పట్టుకొస్తాను. నిచ్చెన మీరు చూసిపెట్టండి, నెత్తిన ఉన్న ఏనుగుల్ని దగ్గర్నుంచి ఫొటో తియ్యాలి.

సున్నంగానుగ
లేజరుతో పాటు మామూలు టేపు కూడా తెచ్చుకోండి, గాడిలోకి లేజరు పోదు. పలకలు ఒక్కోటీ తీసేటప్పుడు రెండు వైపులా ఫొటో, పక్కన స్కేలు పెట్టి. సున్నం గోడలో చేతివేళ్ళ మందాన ఒక ముక్క రాలితే కవర్లో వేసి ఉంచండి, ఇసుక పాళ్ళు చూసి చెప్తాను. కొట్టాయన చేత కొట్టు ఒకసారి తెరిపించి, మూయించి వీడియో తియ్యండి. ఎనభై దాటినాయన కదా, బరువు పలకలు మీరు అందుకోండి, వరస మాత్రం ఆయన్నే చెప్పనివ్వండి.